తమ్ముడి జర్మనీ కారు

కారు కంపెనీ పేరు చెప్పను. చెబితే వాళ్ళ షోరూము ఏదో బెజవాడలో అందరికీ తెలిసిపోతుంది. ఎంతైనా నాలుగు నెలలు వాళ్ళ కాఫీ తాగినవాణ్ణి. జర్మనీలో పుట్టి ఓడెక్కి వచ్చిన బండి అని మాత్రం చెబుతాను. భాగాలు తెచ్చి ఇక్కడ బిగించినది కాదు, అచ్చంగా దిగుమతి సరుకు.

దాన్ని కొన్నది నేను కాదు, మా తమ్ముడు. లెక్కల మాస్టారుగా రిటైరైన నా పింఛనుకి అది తాగే పెట్రోలే భారం. హైదరాబాదులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ వాడు దాన్ని కొత్తల్లుడిలా చూసుకున్నాడు. 2022లో కొడుకు దగ్గరికి కెనడా వెడుతూ, "అన్నయ్యా, దీన్ని అమ్మబుద్ధి కావడం లేదు. వారానికోసారి అలా తిప్పుతూ ఉండు" అని తాళం నా చేతిలో పెట్టాడు. మా సింగ్‌నగర్ సందులో అది మలుపు తిరగాలంటే ఎదురింటి అబ్బాయి తన ఆటో తీసి పక్కన పెట్టాలి. పాపం, ఒక్కనాడూ విసుక్కోలేదు. మా ఆవిడ మాత్రం దానికి "దత్తత ఏనుగు" అని పేరు పెట్టింది.

వాడికి ఈ విదేశీ కార్ల పిచ్చి ఎక్కడ పట్టుకుందో నాకు తెలుసు. గుడివాడ దగ్గర మా పెద్దనాన్నగారికి ఆస్టిన్ ఎ40 కారుండేది. వాటిని మద్రాసు పక్కన ఎన్నూరులో అశోక్ మోటార్స్ వారు ఇంగ్లండు నుంచి భాగాలు తెప్పించి బిగించేవారు. ఆ కంపెనీ 1948లో పుట్టింది. 1955లో అదే అశోక్ లేలాండ్ అయి లారీల వైపూ, బస్సుల వైపూ మళ్ళింది. దాంతో ఆస్టిన్ కార్లు తల్లి లేని పిల్లలయ్యాయి. ఏదన్నా విరిగితే పెద్దనాన్న మద్రాసుకి కార్డు రాసేవాడు. సరుకు లేదని జవాబు రావడానికే పక్షం రోజులు పట్టేది. ఈలోగా మేస్త్రి ఎక్కడో లేతు మీద ఇత్తడి బుష్షు ఒకటి చేయించి తెచ్చి బిగించేవాడు. బండి లేచేది. అలా లేచి లేచి ఒకనాడు లేవలేదు. గొడ్లసావిట్లోకి నెట్టారు. వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టేవి. ముందు సీట్లో మా తమ్ముడు కూర్చుని, స్టీరింగు తిప్పుతూ, నోటితో హారను కొడుతూ లండను దాకా వెళ్ళివచ్చేవాడు. గుడ్ల కోసం వచ్చిన పెద్దమ్మ "దిగవచ్చునా డ్రైవరుగారూ?" అని అడిగి మరీ తలుపు తీసేది.

ఇక 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు సంగతి బెజవాడవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఇతర ఊళ్ళవారి కోసం రెండు మాటలు. అది మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే వాగు. ఏడాదిలో చాలా రోజులు మురుగు కాలువలా నోరెత్తకుండా పడి ఉంటుంది. దాని వరదను వెలగలేరు దగ్గర పక్కకు తిప్పి కృష్ణలో కలపడానికి ఒక కాలువ ఉంది. ఆ కాలువ గట్టుకి మూడు గండ్లు పడ్డాయి. కృష్ణ కూడా అప్పుడే ప్రకాశం బ్యారేజి దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతోంది. మా సందులో పొద్దున మోకాలి లోతు, మధ్యాహ్నం ఛాతీ లోతు, సాయంత్రానికి మనిషి నిలువు. మేము పై వాటాలోకి ఎక్కి పిట్టగోడ మీంచి చూస్తూ ఉండగా ముందు ఆటో మునిగింది, తర్వాత కారు. ఎదురు మేడమీద ఆటో అబ్బాయి, ఈ మేడమీద నేను. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

పడవలు వచ్చాయి, హెలికాప్టర్లు వచ్చాయి, డ్రోన్ల మీద అన్నం పొట్లాలు వచ్చాయి. తమ్ముడి ఫోను కూడా వచ్చింది. నువ్వూ వదినా క్షేమమేనా, మందులున్నాయా, తాగడానికి నీళ్ళున్నాయా అని అన్నీ అడిగాడు. కారు సంగతి అడగలేదు. మర్నాడూ చేశాడు, అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పి ఊపిరి పీల్చుకునేవాణ్ణి.

వారం దాటాక నీళ్ళు తీసి, బురద మిగిలింది. తాళం పట్టుకుని కారు తలుపు తీశాను. సీటు మీద ఒక చిన్న చేప చచ్చి పడి ఉంది. తాళం పెట్టబోతుంటే ఎదురింట్లోంచి కేక: "మాస్టారూ, తిప్పకండి! ముందు బ్యాటరీ ఊడదియ్యాలి!"

ఆటోనగర్‌లో నా పాత శిష్యుడొకడున్నాడు. లెక్కల్లో నా దగ్గర రెండుసార్లు తప్పాడు. ఇప్పుడు వాడి షెడ్డు ముందు లారీలు వరస కడతాయి. కబురు పెడితే ఆ బురదలో నడిచి వచ్చాడు. ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగి నా ముందు పట్టుకున్నాడు. పాలెక్కువైన టీ రంగులో ఉంది.

"గాలి నొక్కితే నొక్కుకుంటుంది మాస్టారూ, నీళ్ళు నొక్కుకోవు. మీరు స్టార్టు చేసి ఉంటే పిస్టను పైకొచ్చి నీళ్ళను గుద్దుకుని కనెక్టింగ్ రాడ్డు వంగిపోయేది. అప్పుడు ఇన్సూరెన్సువాళ్ళు అది వరద కాదు, మీరు చేసుకున్నది అంటారు. ఇంజనుకి విడిగా పాలసీ కట్టి ఉంటే తప్ప పైసా రాదు."

"సరే నాయనా, నీ షెడ్డుకే పట్టుకుపో. ఆ అద్దాల మేడవాళ్ళ దగ్గరికి నేను పోను" అన్నాను.

వాడు తల గోక్కున్నాడు. "ఇంజనైతే విప్పి, కడిగి, ఆరబెట్టి లేపుతాను. కానీ మాస్టారూ, దీని నిండా కంప్యూటరు పెట్టెలే. ఎయిర్‌బ్యాగు పెట్టె బురద తాగింది. రేపు అది విచ్చుకోవలసినప్పుడు విచ్చుకోకపోయినా, మీరు బందరు రోడ్డులో పోతుంటే ఊరికే విచ్చుకున్నా, నేను జవాబు చెప్పలేను. దాంతో మాట్లాడే మిషను వాళ్ళ దగ్గరే ఉంది. అక్కడికే పంపండి."

నిజం చెప్పవద్దూ, నా మనసు చివుక్కుమంది. ఇత్తడి బుష్షు మేస్త్రి మళ్ళీ పుట్టాడనుకుని పిలిచాను మరి.

కంపెనీ వారి సర్వీసు షెడ్డు ఆవరణలో అప్పటికే బురద కార్లు బారులు తీరి ఉన్నాయి. ఇస్త్రీ చొక్కా కుర్రాడొకడు నోట్‌బుక్కంత కంప్యూటరు పట్టుకుని వచ్చాడు. సర్వీస్ అడ్వైజరట.

"కారు మీదేనా సార్?"

"తమ్ముడిది."

"పాలసీ?"

"తమ్ముడి పేరే."

"సార్ ఎక్కడున్నారు?"

"టొరంటోలో."

తండ్రి సంతకం లేకుండా టి.సి. అడగవచ్చిన పిల్లవాణ్ణి నేను ఎలా చూసేవాణ్ణో, సరిగ్గా అలా చూశాడు. తమ్ముడి సంతకం లేనిదే కాగితం కదలదు. ఇక దాచడానికి వీల్లేకపోయింది. అక్కడే కుర్చీలో కూర్చుని ఫోను చేశాను. అవతల కాసేపు మాటలేదు. "ఎంత దాకా మునిగిందన్నయ్యా?" అన్నాడు. "పైదాకా" అన్నాను. "సరే, కాగితం పంపు, సంతకం పెడతాను" అన్నాడు. అంతే.

సర్వేయరు వచ్చి చూసేదాకా కారు ముట్టుకోకూడదట. ఆయన నెత్తిన ఊళ్ళో మునిగిన బళ్ళన్నీ ఉన్నాయి. మూడు వారాలు పట్టింది. ఈలోగా సీట్లకు బూజు పట్టింది, బురద అట్టకట్టింది. నా శిష్యుణ్ణి తీసుకువెడితే బయటివాళ్ళకు ప్రవేశం లేదని గుమ్మం దగ్గరే ఆపేశారు. వాడు అద్దంలోంచి లోపలి పనిముట్లు చూస్తూ నిలబడ్డాడు. మిఠాయి కొట్టు ముందు పిల్లవాడు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

చివరికి ఎస్టిమేటు వచ్చింది. పదకొండు పేజీలు. వైరింగు మొత్తం కొత్తది రావాలి, అది ఓడలో రావాలి. మొత్తం పంతొమ్మిది లక్షల చిల్లర. పాలసీలో కారు విలువ ఎనిమిదిన్నర. ఇన్సూరెన్సు వారి లెక్క ఏమిటంటే, బాగుచేయడానికయ్యే ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే బండి చచ్చినట్టే. విలువ కట్టి ఇచ్చేస్తారు. లెక్కల మాస్టారిని గదా, నాకు అర్థమైంది. అర్థం కానిదల్లా, ఈ ఎస్టిమేటు వేసినందుకు కంపెనీవారు నా దగ్గర పుచ్చుకున్న రుసుము. బాగుచేయిస్తే బిల్లులో తగ్గిస్తారట. చేయించకపోతే పోయినట్టేనట. చనిపోయిందని చెప్పినందుకు వైద్యుడికి ఫీజు అన్నమాట!

ఆ కుర్రాడి మీద గట్టిగానే అరిచాను. "ఒక్క వైరైనా అతికించి చూశారా?"

"అతికించడానికి మాకు అనుమతి లేదు సార్" అన్నాడు మెల్లిగా. "తడిసింది మార్చడమే. అతికించామని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది."

ఆ రోజు ఇంటికి ఆటోలో వచ్చాను. అది ఎదురింటి అబ్బాయిదే. పది రోజుల్లో విప్పి, కడిగి, నూనె మార్చి, వైర్లు అతికించి రోడ్డెక్కించాడు. అప్పటికీ సీటులోంచి బుడమేరు వాసన వస్తూనే ఉంది. డబ్బు ఇస్తే నిక్షేపంగా తీసుకున్నాడు. ఫైనాన్సు వాయిదా ఉందిట.

జనవరిలో పాట పాడుకున్నవాళ్ళు వచ్చి కారును పెద్ద బండి మీదికి ఎక్కించారు. తమ్ముడికి ఫోనులో చూపించాను. వాడికి అప్పుడు అర్ధరాత్రి. కళ్ళద్దాలు సవరించుకుని చూసి, "కోళ్ళు చేరకముందే పంపించేశావు అన్నయ్యా" అన్నాడు. నవ్వాడో లేదో ఆ చిన్న బొమ్మలో తెలియలేదు.

మూడో రోజున కంపెనీవారి దగ్గర్నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. "మీ కారు సర్వీసు తృప్తికరంగా జరిగిందా సార్? పదికి ఎన్ని మార్కులిస్తారు?"

కారు పోయింది తల్లీ అని చెప్పాను. ఆ పిల్ల దగ్గర ఆ జవాబు రాసుకోవడానికి గడి లేదు కాబోలు, మళ్ళీ పదికి ఎన్ని అని అడిగింది. తక్కువ వేస్తే ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాడికేమైనా ఇబ్బందా అన్నాను. జవాబు లేదు.

"పది వేసుకోమ్మా" అన్నాను.

మా ఆవిడ చేట పక్కన పెట్టి నా వైపు చూసింది. "ఆ చేత్తోనే అప్పుడు ఆ ఆటోనగర్ పిల్లవాడికి నాలుగు మార్కులు వేసి ఉండకూడదుటండీ?" అంది.