ఒక పుట బొమ్మలకు ఎంత కాలము?

గడచిన వేసవిలో మా యింట ఒక పరీక్ష జరిగినది. పరీక్షాధికారిని నేను, పరీక్షకు కూర్చున్నది మా అమ్మాయి. ఇరువది సంవత్సరములుగా బడిలో ప్రశ్నపత్రములు కూర్చుచున్నవాడను గనుక పరీక్ష పెట్టుట నాకు వెన్నతో పెట్టిన విద్య యనుకొంటిని. ఆ పరీక్షలో తప్పినదెవరో చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా కాపురము నాంపల్లి స్టేషనుకు సమీపమున నొక సందులో. కుమారుడు డిగ్రీ ముగించి పోటీ పరీక్షలకు చదువుచున్నాడు. అమ్మాయి ఇంటర్మీడియటు ముగించి, మాసబ్ ట్యాంకులోని చిత్రకళాశాలలో చేరెదననియు, బొమ్మల కథలు గీయుటయే తన వృత్తి కావలెననియు చెప్పినది. నేను స్త్రీవిద్యను గూర్చి సభలలో మాటలాడువాడను. కాదనుటకు నోరు రాలేదు. ఆడపిల్ల బొమ్మలు గీసి బ్రతుకుటెట్లను భయమున్నవాడను. అవుననుటకు మనసు రాలేదు. అట్టి సమయమున చదువుకొన్నవాడు చేయు పనియే నేనును చేసితిని. ఒక షరతు పెట్టితిని.

ఆదివారములందు ఆబిడ్సులో దుకాణములు మూసియుండగా, వాని ముందరి కాలిబాటపై పాత పుస్తకముల అంగడి పరచుకొనుట నగరవాసు లెరిగినదే. అక్కడ నొక పాత అమర చిత్ర కథను కొని తెచ్చి అమ్మాయి చేతిలో పెట్టితిని. 1967లో అనంత్ పాయ్ గారు ప్రారంభించిన ఆ పుస్తకములను నా బాల్యమున నేనును చదివితిని. పుటలు లెక్కించి చూడగా 32.

“నెల రోజుల్లో ఇలాంటి పుస్తకం ఒకటి గీసి చూపించు. రోజుకొక పేజీయే కదా! అప్పుడు కాలేజీ సంగతి మాట్లాడుకుందాం” అంటిని.

ఆమె పుస్తకము త్రిప్పి చూచి, “ఒక్కదాన్నేనా నాన్నా?” అని యడిగినది.

“పరీక్షకు ఇద్దరు కూర్చుంటారా?” అని నవ్వితిని. ఆ ప్రశ్నకు అర్థము నాకు నెల గడచినగాని తెలియలేదు.

కథ ఆమెయే యెంచుకొన్నది. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచినపుడు, అఫ్జల్‌గంజి వద్ద నొక చింతచెట్టు నెక్కి 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్నది. ఆ రాత్రి ఆ కొమ్మలమీద గడచిన కథ ఆమె కథ.

నెల ముగిసినది. ఐదు పుటలు సిద్ధమైనవి. నేను కఠినముగా మాటలాడలేదు. “చూశావు గదా అమ్మా, ఇది అయ్యే పని కాదు” అని మాత్రము చెప్పితిని. ఆమె వాదించినచో చెప్పవలసిన సమాధానములు సిద్ధముగా నుంచుకొంటిని. వానిని వాడు నవకాశమే కలుగలేదు. “సరే నాన్నా” అని ఆ ఐదు కాగితములను అట్టల నడుమ పెట్టి, బీరువాపై నుంచి, వంటింటిలోనికి పోయినది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆ అట్టలు దించి చూచితిని. ఐదు పుటలు చదువుటకు నాకు ఐదు నిమిషములు పట్టలేదు. కాని ఐదవ పుట కడ నాగిపోతిని. చీకటి, వరద, కొమ్మలు పట్టుకొన్న మనుష్యులు. నీటిలోనుండి పైకి చాచిన యొక చేయి. కొమ్మమీదినుండి క్రిందికి చాచిన మరియొక చేయి. రెంటి నడుమ జానెడు తెల్లని కాగితము. ఆ చేతు లందుకొన్నవో లేదో తరువాతి పుటలోగాని తెలియదు. ఆ పుట లేదు. దానిని గీయకుండ నాపినవాడను నేనే.

ఉదయమున అమ్మాయి నడిగితిని: “ఈ పేజీకి ఎంతసేపు పట్టింది?”

“తెలియదు నాన్నా. లెక్క పెట్టలేదు.”

నాకు బడి సెలవులు ఇంకను మిగిలియున్నవి. “ఆరో పేజీ గియ్యి. లెక్క నేను రాస్తాను” అని గడియారమును, ఒక నోటుపుస్తకమును దగ్గర నుంచుకొని ఆమె యెదుట కూర్చుంటిని.

చదువరులకు ఆ లెక్క చూపెదను. కథలోని యీ భాగమును ఏడు గళ్ళలోనికి విడదీసి, అరచేతి పరిమాణమున చిత్తు బొమ్మలు వేసి, నచ్చక మరల వేయుటకు 4 గంటలు. చెట్టును మరల చూచి వచ్చుటకు 3 గంటలు. నేనైనచో దీనిని షికారు పద్దులో వ్రాయుదును. కాని ఏ కొమ్మ ఎచ్చట చీలునో, దానిపై మనిషి ఎట్లు నిలువగలడో చూడనిదే గీయలేనని ఆమె చెప్పినది. పెన్సిలుతో గీయుటకు 7 గంటలు. చెరిపి తిరిగి గీయుటకు 3 గంటలు. సిరా దిద్దుటకు 6 గంటలు. మాటల బుడగలకు, వానిలోని అక్షరములకు 2 గంటలు. మొత్తము 25 గంటలు. ఆ పుటను చదువుటకు నాకు పట్టిన కాలము 50 క్షణములు.

చెరిపిన మూడు గంటలను గూర్చి నాకు మొదట కోపము వచ్చినది. చెట్టు వెనుక ఆసుపత్రి గుమ్మటములను ఎంతో అందముగా గీసి, మరునాడు వానిని తుడిచివేసినది. ఏల యని యడుగగా, “ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిందే 1911లో కదా నాన్నా. వరద వచ్చినప్పుడు ఈ భవనం ఇంకా కట్టలేదు” అన్నది. “చదివేవాళ్లు అంత చూస్తారా?” అంటిని. “నేను చూశాను కదా” అన్నది. పిల్లల వ్యాసములలో సంవత్సరము తప్పినచో ఎఱ్ఱసిరాతో సున్న చుట్టువాడను నేను. మరి మాటలాడలేదు.

ఆ నోటుపుస్తకములో నేనొక చిన్న గుణకారము చేసితిని. పుటకు 25 గంటలు, పుటలు 32, మొత్తము 800 గంటలు. నెలకు దినములు 30, గంటలు 720. అనగా, మా అమ్మాయి అన్నము తినక, నిద్రపోక, కాలు కదపక రాత్రింబవళ్ళు గీసినను నా పరీక్షలో తప్పవలసినదే. ఇట్టి ప్రశ్నను బడిలో ఇచ్చినచో పిల్లలందరికిని మార్కులు కలిపి, ప్రశ్న కూర్చినవానిని మందలింతురు.

అపుడుగాని “ఒక్కదాన్నేనా?” యను ప్రశ్న నాకు తెలియలేదు. నేను నమూనాగా నిచ్చిన ఆ పుస్తకమునకు కథ వ్రాయువా రొకరు, బొమ్మ గీయువా రొకరు, అక్షరములు వ్రాయువా రొకరు, రంగు లద్దువారు వేరొకరు. అమెరికాలోని మాసపత్రికల పద్ధతియు నిట్టిదే: పెన్సిలు పట్టువాడు దినమునకు సుమారొక పుట గీయగలడందురు, కాని సిరా, రంగు, అక్షరములు అన్యుల పని. జపానులో వారమునకు ఇరువది పుటలు ఇచ్చు చిత్రకారుని వెనుక సహాయకుల బృందముండును. ఒంటరిగా పని చేయువాని లెక్క వేరు. ఆర్ట్ స్పీగెల్‌మన్ తన తండ్రి అనుభవించిన నాజీల ఘోరములను ‘మౌస్’ అను బొమ్మల కథగా గీయుటకు 1978 మొదలు 1991 వరకు 13 సంవత్సరములు పట్టినది. పుటలు దాదాపు 300. అనగా ఏడాదికి 23 పుటలు. ఒక్క చేతికే కాలము మారుటయు కలదు. టింటిన్ కథలు గీసిన బెల్జియము చిత్రకారుడు హెర్జె 1929లో వారమునకు రెండు పుటలు గీసినవాడు. వార్ధక్యమున 1968లో వచ్చిన పుస్తకమునకును 1976లో వచ్చిన తరువాతి పుస్తకమునకును నడుమ ఎనిమిది సంవత్సరములు గడచినవి.

అంత దూర మేల? మన తెలంగాణములోని చేర్యాల నకాషీ పటములు బొమ్మల కథలు కాక మరేమి? పొడవైన గుడ్డను వరుసలుగా విభజించి, కులపురాణమును గడి వెంబడి గడిగా చిత్రించి, కథ చెప్పువారి చేతికిత్తురు. వారు పటమును విప్పుచు, బొమ్మను చూపుచు రాత్రుల తరబడి కథ గానము చేయుదురు. ఆ పటమున మొదటి గీత పడుటకు ముందే గుడ్డకు గంజి, తెల్లమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు కలిపి పూయవలెను, అది యారవలెను, మరల పూయవలెను. గీతకు పూర్వము పట్టిన కాలము గీతలో కనబడదు.

నేర్చుటకు పట్టిన కాలమును అంతే. బాపు గారి (1933–2014) గీతను చూచి, ఒక్క ఊపులో గీసినట్లున్నదే యని మెచ్చుకొనని తెలుగువా డుండడు. ఆ యొక్క ఊపు వెనుక నున్న ఏండ్లను మనము లెక్కకు తీసికొనము. విష్ణుధర్మోత్తర పురాణమున వజ్రుడను రాజు విగ్రహములు చేయుట నేర్పుమని మార్కండేయుని కోరును. దానికి ముందు చిత్రము తెలియవలెననియు, చిత్రమునకు ముందు నృత్తము, నృత్తమునకు ముందు వాద్యము, వాద్యమునకు ముందు గానము తెలియవలెననియు ముని చెప్పును. ఈ ప్రసంగమును నేను మిత్రులకు పలుమారులు చెప్పి మెప్పు పొందితిని. మా యింటి బల్లమీద పరచిన కాగితమునకు అది వర్తించునని మాత్రము తోచలేదు.

ఇంతవరకు వ్రాసినది నా నోటుపుస్తకములోని మొదటి వరుస. రెండవ వరుస యొకటి కలదు. దానిని చూపుట నాకు సిగ్గుగా నున్నది, అయినను చూపవలెను.

25 గంటల పని ముగియుటకు తొమ్మిది దినములు పట్టినది. అమ్మాయి చేతిలోని కలము క్రింద పెట్టినప్పుడెల్ల కారణము వ్రాయవలెనని రెండవ దినము తోచి, ఒక గీత గీసి వ్రాయసాగితిని. ఆమె గీయునది మేము భోజనము చేయు బల్లమీద. పూటపూటకు దానిని ఖాళీ చేసి తుడువవలెను. గ్యాసు బండ వచ్చినచో తలుపు తీయవలెను. చుట్టములకు మంచినీళ్ళు, తల్లికి కూరలు తరుగుట, అన్నకు టీ, అన్న చొక్కాకు ఇస్త్రీ. నేను వ్రాసినంతవరకే ఆమెను పిలిచిన పిలుపులు 41. అందులో నావి 17. ఆ పదునేడింట నాలుగు నా కళ్ళజోడు కొరకు. అదే కాలములో, తలుపు మూసికొని చదువుకొను నా కుమారుని ఎవరును ఒక్కమారైనను పిలువలేదు. వానిని పిలువకూడదని మా యింట ఎవరును శాసింపలేదు; అందరికిని తెలియును, అంతే.

మొదటి ఐదు పుటలకును ఇదే లెక్క కట్టినచో 125 గంటలు. నెలకు పంచినచో దినమునకు నాలుగు గంటలకు పైమాట. ఈ యింటిలో ఆ నాలుగు గంటలు ఆమెకు ఎచ్చట దొరికినవి? రాత్రి పది దాటి బల్ల ఖాళీయైన పిమ్మట దొరికినవి. ఆ నెలలో నేను ఆమెను రెండుమారులు కోపించినట్లు జ్ఞాపకము. ఒకమారు కరెంటు బిల్లు కొరకు. మరియొకమారు ఉదయమున ఆలస్యముగా లేచినందుకు.

1874లో వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాల స్థాపించి నేటికి నూటయేబది సంవత్సరములు దాటినది. ఆడపిల్లకు పలక ఇత్తుమా మానుదుమా యను వాదము మన యిండ్లలో ఎన్నడో ముగిసినది. పలక ఇచ్చితిమి, బడి ఇచ్చితిమి, పట్టము ఇచ్చితిమి. ఎవరును పిలువని రెండు గంటల కాలమును ఇచ్చితిమా? వ్రాయగోరు స్త్రీకి స్వంత గది కావలెనని వర్జీనియా వుల్ఫ్ 1929లో వ్రాసిన పుస్తకమును నేను బి.యే. చదువు కాలముననే చదివి, అంచులలో మెప్పు మాటలు వ్రాసికొంటిని. ఆ పుస్తకము నా గదిలోనే యున్నది. ఆ గదికి తలుపు కలదు.

నోటుపుస్తకమును నా భార్యకు చూపితిని. ఆమె రెండు వరుసలును చదివి, “నా లెక్క కూడా ఎప్పుడైనా రాస్తారా?” అని యడిగి పొయ్యి కడకు పోయినది. దానికి సమాధానము నాకింకను దొరకలేదు.

పదియవ దినమున అమ్మాయిని పిలిచి, పరీక్ష తప్పినది నేనని చెప్పితిని. కళాశాల దరఖాస్తును ఇద్దరము కలిసి పూరించితిమి. నా వ్రాతబల్లను కిటికీ కడకు జరిపి ఆమెకిచ్చితిని. ఇస్త్రీ చేసికొనుట కుమారుడు నేర్చుకొన్నాడు. రెండు చొక్కాలు కాలినవి. కళ్ళజోడుకు నేనొక త్రాడు కట్టుకొంటిని. ఇవి ఘనకార్యములని చెప్పుట లేదు. నలువది దాటిన సంస్కర్త యింట తొలిసారి జరిగిన పనులని మాత్రము ఒప్పుకొనుచున్నాను.

ఈ వ్యాసమును చదువుటకు మీకు పది నిమిషములు పట్టవచ్చును. వ్రాయుటకు నాకు మూడు ఆదివారములు పట్టినది. మొదటి ఆదివారము రెండుమారులు కాఫీ నా చేతికి వచ్చినది, తెచ్చినది అమ్మాయి. నేను వ్రాయుచున్నది ఏ విషయమో జ్ఞాపకము రాగా, రెండవ ఆదివారము నుండి నేనే లేచి పోయి కలుపుకొనుచున్నాను.

చింతచెట్టు కథ పదునొకండవ పుట నడచుచున్నది. ఆరవ పుటలో ఆ రెండు చేతులు అందుకొన్నవి. పుస్తక మెప్పటికి ముగియునని నేనడుగుట మానుకొంటిని.