మా యింటి నేలమాళిగ

నేలమాళిగ అనగానే చదువరులకు లంకెబిందెలు జ్ఞాపకం వస్తే ఆ తప్పు నాది కాదు. మా యింటి నేలమాళిగలో లంకెబిందెలు లేవు. ఏమున్నవో చెప్పాలంటే ముందు మా తమ్ముడి సంగతి చెప్పాలి.

2008లో శంషాబాదు విమానాశ్రయం తెరిచిన తర్వాత తుక్కుగూడ చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లయిపోయినవి. మా అమ్మ తెనాలి దగ్గర తన పుట్టింటివారిచ్చిన కాస్త పొలం అమ్మి, ఆ డబ్బుతో శ్రీశైలం రోడ్డుకు దగ్గర్లో మా అన్నదమ్ములిద్దరి పేరా రెండువందల గజాలు కొన్నది. నేను కాలేజీలో తెలుగు చెప్పుకునే పంతుల్ని. తమ్ముడు అమెరికాలో, ఆరెగాన్ రాష్ట్రంలో ఉద్యోగం. 2022లో ఇల్లు మొదలుపెట్టి ప్లాను కాగితం వాడికి పంపిస్తే, మెట్ల కింద ఒక గడి గీసి, "ఇక్కడ పది అడుగుల లోతున గది" అని వ్రాసి తిప్పి పంపాడు. ఎందుకురా అంటే, "బీరు మాగబెట్టటానికి అన్నయ్యా" అన్నాడు.

పనసకాయ మాగబెట్టటం ఎరుగుదును గాని బీరు మాగబెట్టటం ఎరుగను. నాకు తెలిసినంతలో అది కొన్న పూటే ఖర్చయ్యే సరుకు. వాడు ఫోనులో గంటసేపు పాఠం చెప్పాడు. గంటసేపు చెప్పటమే గాని వినటం అలవాటులేని వృత్తి నాది; అయినా విన్నాను.

బీరన్నీ ఒకటి కాదట. మన కొట్లలో దొరికే పలచని పసుపుపచ్చ రకం పుట్టిన రోజు నుంచీ ముసలిదవుతూనే ఉంటుంది; ఎక్కువ కాలం ఉంచితే తడిసిన అట్టముక్క వాసన వేస్తుంది. కాని నూటికి ఎనిమిది, పది పాళ్ళు సారాయం ఉండి, బాగా వేయించిన బార్లీతో చేసిన చిక్కని నల్లరకాలు ఏళ్ళు గడిచినకొద్దీ ఎండుద్రాక్ష వాసనకూ, బెల్లప్పాకం రుచికీ తిరుగుతవట. ఇంగ్లండులో డార్చెస్టరు ఊళ్ళో 1968లో థామస్ హార్డీ అనే నవలాకారుడి పేరు పెట్టి ఒక బీరు చేసి, పాతికేళ్ళు నిలవుంటుందని చెప్పి అమ్మారట. నవలాకారుడి పేరు బీరుసీసాకు పెట్టుకున్న దేశాన్ని సాహిత్యం చెప్పుకు బతికేవాడు ఎట్లా తప్పుపట్టగలడు?

ఇక నియమాలు. వెలుతురు తగలరాదు, తగిలితే హాప్స్ అనే పూల చేదు విరిగి దుర్వాసన పుడుతుంది. సీసా పడుకోబెట్టరాదు, నిలబెట్టాలి. ఈస్టు మడ్డి అడుగున పేరుకుంటుంది. గాలి చొరరాదు. ఒక్కొక్క రకం రెండేసి కొని, ఒకటి ఇప్పుడూ ఒకటి అయిదారేళ్ళకూ తాగి పోల్చుకోవాలి. మెడకు సంవత్సరం వ్రాసిన చీటీ కట్టాలి. మాటిమాటికీ కదపరాదు. అన్నిటికీ మించి చల్లదనం కావాలి: పది నుంచి పదమూడు డిగ్రీలు, ఏడాది పొడుగునా మారకుండా.

వింటూ ఉంటే ఇదంతా ఎక్కడో విన్నట్టే ఉంది. ఎక్కడో ఏమిటి, మా వంటింట్లోనే! ఆవకాయ జాడీ వెలుతురులో పెట్టవద్దు, మూడోనాడు తిరగకలిపింతర్వాత ఊరికే కదపవద్దు, పైన నూనె తేలకపోతే గాలి తగిలి బూజు పడుతుంది, తడి గరిటె పెడితే చెయ్యి విరుస్తాను - ఇవి మా అమ్మ నిత్యపారాయణం. ఆమె దగ్గర నిమ్మకాయ జాడీ ఒకటున్నది. 2003లో పెట్టింది. కాయలు నల్లగా, మెత్తగా, మందు ముద్దల్లాగా ఉంటవి. మా నాన్నగారి కడుపునొప్పికని పెట్టింది. ఆ యేడే ఆయన పోయారు. జాడీ మిగిలింది.

కడుపునొప్పి ఎందుకు వచ్చిందో దాచటం దేనికి? ఆయన తాగేవారు. జీతం రోజున చీకటి పడితే అమ్మ గుమ్మంలో నుంచునేది; దుకాణానికి వెళ్ళి చెయ్యి పట్టుకు తీసుకువచ్చేవాడు మా తమ్ముడు. నేను పరీక్షలకు చదువుకుంటున్నాననే వంకతో పుస్తకం వెనక దాక్కునేవాణ్ణి. ఆ తమ్ముడే ఇప్పుడు, ఆ అమ్మ పొలం అమ్మిన డబ్బుతో లేచే ఇంట్లో బీరుకు గది అడుగుతున్నాడు. నేనేం చెయ్యాలి?

పుస్తకం వెనక దాక్కున్నవాడు ఎప్పుడూ చేసే పనే చేశాను. అమ్మతో, "నీ జాడీల కోసం చల్లటి గది కట్టిస్తున్నామే" అన్నాను.

ఆమె సంబరం చూడాలి! మేస్త్రి దగ్గర కుర్చీ వేసుకు కూర్చుని, అలమారు ఎంత లోతుండాలో, పెద్ద జాడీ ఎక్కడో, పాత చింతపండు కుండ ఎక్కడో చేతులతో కొలిచి చూపేది. ఆమె చూపిన కొలతలు నేను రాత్రి తమ్ముడికి ఫోనులో సీసాల కొలతలుగా మార్చి చెప్పేవాణ్ణి. అనువాదం నా వృత్తిధర్మాల్లో ఒకటి గదా.

అయిదడుగులు తవ్వేసరికి గునపం ఖంగుమన్నది. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రి గోతిలోంచి తల పైకెత్తి, "సారూ, గీడికెల్లి అంత బండనే. ఇంగ కిందికి పోదు" అన్నాడు. దక్కను నల్లరాయి. మందుపెట్టి పేల్చాలంటే పక్కవాళ్ళ గోడలు ఒప్పుకోవు. సగం నేలలో, సగం నేలపైన, అయిదడుగుల మాళిగతో సరిపెట్టుకున్నాం.

తమ్ముడు నొచ్చుకున్నాడు గాని, తర్వాత మా స్టాఫు రూములో భౌతికశాస్త్రం లెక్చరరుగారు ఒక మాట చెప్పారు. నేల అడుగున కొంత లోతుకు పోతే ఎండా చలీ తేడా ఉండదు, ఆ ఊరి సంవత్సరపు సగటు వేడే అక్కడ నిలిచి ఉంటుంది. బెల్జియంలో ఆ సగటు పది, పదకొండు. అందుకే వాళ్ళకు నేలమాళిగ వరప్రసాదం. మన హైదరాబాదు సగటు ఇరవై ఆరు, ఇరవై ఏడు. బండ పగిలి పాతాళం దాకా పోయినా అంతకు తగ్గదు! బవేరియాలో బీరు మాళిగల మీద వేసవి ఎండ పడకుండా చెస్ట్‌నట్ చెట్లు నాటేవారట. మన దేశంలో తెల్లవాళ్ళు బీరు కాచుకోవాలనుకున్నప్పుడు చలికోసం కసౌలీ కొండ ఎక్కారు. కొండ దిగితే బతకదని తెలిసే, అంతకుముందు హాప్స్ దట్టించిన బీరును పీపాల్లో ఓడెక్కించి పంపేవారు. నెలల తరబడి సముద్రం మీద ఊగి వచ్చేసరికి అది మాగి మరింత రుచయ్యేదట. సికింద్రాబాదు దండులో దొరలు అటువంటిది తాగే ఉంటారు.

మన పెద్దలు ఈ సంగతి గ్రహించే కాబోలు, వేడికి ఓర్చేవాటినే దాచుకున్నారు: పాత బియ్యం, పాత చింతపండు, పాత నెయ్యి. ఆసవాలు పాతబడినకొద్దీ గుణవంతాలని శార్ఙ్గధర సంహిత చెబుతుంది. తాటికల్లు సంగతి అందరికీ తెలిసిందే. పొద్దున తీపి, సాయంత్రానికి పులుపు.

మే నెలలో గదిలో ఉష్ణమాపకం వేలాడదీశాను. బయట నలభై రెండు, లోపల ముప్పై. జాడీలకు స్వర్గం. బీరుకు కుంపటి.

2023 డిసెంబరులో తమ్ముడు వచ్చాడు. పన్ను లేకుండా తెచ్చుకోనిచ్చేది రెండు లీటర్లే గనుక, పెట్టెలో స్వెట్టర్ల మధ్య అయిదు చిన్నసీసాలు. వాటిలో ఒకటి వాడి కూతురు పుట్టిన 2013 నాటిది. అలమార్ల నిండా జాడీలు చూసి నవ్వబోయి, అమ్మ వెనకే నిలబడి ఉండటం చూసి ఆగిపోయాడు. చేతిలో సీసా దాచుకోవటానికి చోటు లేదు.

అమ్మ వాడి వంక చూడలేదు. నా వంక చూసింది. "జాడీల గది అన్నావు గదరా పెద్దవాడా?"

తమ్ముడే అందుకున్నాడు. "అన్నయ్యదేం లేదమ్మా, నేనే అడిగాను. నేను నాన్నలాగా కాదే. ఏడాదికి ఒకటో రెండో. నాన్న మర్చిపోవటానికి తాగాడు. నేను గుర్తుండటానికి దాచుకుంటున్నాను."

"గుర్తుండటానికి సీసా ఎందుకురా? నేను లేనూ?" అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

రెండు రోజులు మాట లేదు. వంట మాత్రం వాడికిష్టమైనవే చేసింది. మేడమీద వాడూ నేనూ ఒక సీసా తెరిచాం. అబద్ధమెందుకు, నేనూ రెండు గుక్కలు తాగాను. బెల్లం మాడిన వాసన, చివర చేదు. మిగిలినవి ఈ వేడికి రెండేళ్ళు కూడా నిలవవని వాడు తేల్చాడు. మూడింటిని స్నేహితులకిచ్చేశాడు. 2013 సీసా ఎటు పోయిందో ఇద్దరికీ అంతుబట్టలేదు.

వాడు విమానమెక్కే రోజు పొద్దున అమ్మ, "చిన్నవాడా, ఆ సీసా చల్లగా ఉంటే పాప పెళ్ళిదాకా ఉంటుందా?" అని అడిగింది.

"ఉంటుందనుకుంటానమ్మా. ఎందుకు?"

ఆమె జవాబు చెప్పలేదు, వాడి పెట్టెలో ఆవకాయ డబ్బా సర్దటంలో మునిగిపోయింది.

వాణ్ణి దింపి వచ్చి మంచినీళ్ళకని ఫ్రిజ్ తెరిస్తే, అట్టడుగు అరలో, కరివేపాకు పొట్లాల వెనకాల, పాత పంచె గుడ్డలో చుట్టి, మూతికి వాసెన కట్టి, నిలబెట్టి ఉన్నది. మెడకు చీటీ. దాని మీద అమ్మ గుండ్రటి అక్షరాలు: "మెంతులు. 2013."

నిన్న కూడా చూశాను. ఉన్నది.