గొడ్డలి దిగని మొద్దు

మామిడి మొద్దు నయం. ముడి లేకపోతే నాలుగు దెబ్బలకు విచ్చుకుంటుంది. చింత అలా కాదు. మెలితిరిగిన చేవ, అడుగడుక్కీ ముడి. గొడ్డలి దిగిందా, మళ్లీ ఊడిరాదు.

మా విస్సన్నపేట వైపు కాపు ఉడిగిన మామిడి చెట్లు కొట్టేస్తే కొమ్మలు ఎవరైనా పట్టుకుపోతారు. మొదళ్లే మిగిలిపోతాయి. మా ఇంట్లో వాటిని చీల్చే బాబాయికి అరవై దాటాయి. కిందటేడు కుడిభుజం పట్టేసింది. గొడ్డలి ముట్టొద్దన్నాడు డాక్టరు. ‘మరి తినేదేంటి అబ్బాయ్?’ అని ఆయన నన్నడిగాడు, డాక్టర్ని అడగలేక.

అలా మొదలైంది మా యంత్రం. ట్రాక్టరు ట్రక్కును ఎత్తే జాకీ చాలనుకుంటాం కదా? వెల్డింగు మేస్త్రీ ఒప్పుకోలేదు. ఆ జాకీని ఆయిలు పైకి తోస్తుంది, దించేది ట్రక్కు బరువు. గడ్డరు మీద పడుకోబెడితే వెనక్కి నెట్టేదెవరు? రెండువైపులా ఆయిలు వెళ్లే సిలిండరే కావాలన్నాడు. విజయవాడ ఆటోనగర్‌లో పాతది దొరికింది. లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లు.

కాస్త లెక్క చెప్పాలిక్కడ. పిస్టను వైశాల్యం సుమారు 78 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద ఆయిలు ఒత్తిడి 150 కిలోలైతే, మొత్తం తోపు పదకొండున్నర టన్నుల పైమాటే! పదిహేడో శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమిది. దాంతోనే ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. మేం చేసిందల్లా గడ్డరు చివర ఉక్కు చీల అతికించి, మొద్దును దానిమీదికి తోయించడమే. వేగం మాత్రం ఆశించొద్దు. నిమిషానికి 20 లీటర్ల ఆయిలిచ్చే పంపుతో 60 సెంటీమీటర్లు జరగడానికి 14 సెకన్లు. చూసేవాళ్లకు విసుగే.

అమ్మకు అసలు నచ్చలేదు. ‘ఆయన నోటిదగ్గర కూడు మిషను లాక్కుంటుందిరా’ అంది. అందుకే లివరు ఆయన చేతికే ఇచ్చాం. కూలీ పాతదే. చెయ్యి తీయగానే ఆగిపోయే వాల్వు పెట్టించాం. పైపు చెమర్చితే మాత్రం చేత్తో తడమొద్దని, అట్టముక్క అడ్డుపెట్టి చూడమని ఒకటికి పదిసార్లు చెప్పాను. సూదిబెజ్జమంత చిల్లులోంచి వచ్చే ఆయిలు చర్మంలోకి దూసుకుపోతుంది.

బాబాయి మొద్దును అటూ ఇటూ తిప్పి, పగులు ఎటు పోతుందో వేలితో గీసుకుని, అప్పుడు లివరు లాగుతాడు. చింతమొద్దును ఇంతవరకు ఎక్కించనివ్వలేదు. ‘గడ్డరుకు రెండుపక్కలా ఇంకో పట్టీ అతికించాక చూద్దాంలే’ అంటున్నాడు. మేస్త్రీ వచ్చే ఆదివారం వస్తానన్నాడు.