బంతికి మైల లేదు

మాది హిందూపురం పక్కన ఒక పల్లె. ఊరికి అవతల మాదిగ గేరి. గేరిలో డిగ్రీ దాకా చదివిన మొదటి ఆడపిల్లను నేనే. ఇప్పుడు సర్కారు హైస్కూల్లో సోషల్ చెప్తున్నాను. ఆటల గురించి ఈ టీచరమ్మకేం తెలుసని మీరు అనుకోవచ్చు. ఆడటం నాకు ఎక్కువ తెలియదు. ఆటలోంచి తీసేస్తే ఎట్లుంటుందో మాత్రం బాగా తెలుసు. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత బెంగుళూరులో చూసిన ఆసియా ఆడోళ్ల బాస్కెట్ బాల్ సంగతి చెప్తాను. నాకు ఆ రెండూ వేరు వేరు సంగతులు కావు.

2002లో నేను తొమ్మిదో తరగతి. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. మా బడి గ్రౌండులో రెండు ఇనుప స్తంభాలు, వాటికి రింగులు ఉండేవి. నేను పొడుగ్గా ఉంటానని డ్రిల్లు సారు నన్ను బాస్కెట్ బాల్ టీములోకి తీసుకున్నాడు. ఆటకు అయిదుగురం. ఒకరు ఇంకొకరికి బంతి ఇచ్చుకుంటూ పోవాలి. నాకు మాత్రం బంతి వచ్చేది కాదు. రింగు కింద ఖాళీగా నిలబడి చేతులెత్తి అరిచినా వచ్చేది కాదు. ఎదుటి టీము పిల్లల చేతుల్లోంచి లాక్కుంటేనే నాకు బంతి. మొదట్లో నాకు ఆట రాదేమో, అందుకే ఇవ్వరేమో అనుకున్నా. దప్పికైనప్పుడు వాళ్లు గ్లాసుతో తాగి, నాకు దోసిట్లో పైనుంచి పోసేవాళ్లు. అప్పుడు అర్థమైంది.

జోనల్ ఆటలు వచ్చినాయి. బీరువాలోంచి పాత బనీన్లు తీసి పంచినారు. పసుపుపచ్చ బనీను, వీపు మీద ఏడో నంబరు నాకొచ్చింది. అవి బడి బనీన్లు. ఈ ఏడు ఒకరు వేసుకుంటే వచ్చే ఏడు ఇంకొకరు వేసుకుంటారు. హాస్టల్లో దాన్ని రెండుసార్లు సబ్బు పెట్టి ఉతుక్కున్నా. మర్నాడు టీములో ఒక పిల్ల నాయన బడికొచ్చినాడు. “ఆ పిల్ల ఏసుకున్న బనీను రేపు మా పాప ఏసుకోవల్లనా?” అని అడిగినాడు. హెడ్మాస్టరు నన్ను పిలిచి, “నువ్వు బాగా చదివే పిల్లవు కదమ్మా, నీకెందుకివన్నీ. టెన్త్ మీద మనసు పెట్టు” అన్నాడు. నేను బనీను మడత పెట్టి ఇచ్చేసినా. సారు దాన్ని మిగతా బనీన్లతో పాటు బీరువాలో పెట్టలేదు. కిటికీ మీద పెట్టినాడు.

ఎవరూ నన్ను తిట్టలేదు. కొట్టలేదు. పైగా బాగా చదువుతావని మెచ్చుకున్నారు కూడా. అందుకే చాలా ఏళ్లు దీన్ని అన్యాయం అని చెప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. అమ్మకు చెబితే ఆమె కూడా “సదువుకో పాపా” అనింది. అప్పుడామె బెంగుళూరులో బేల్దారి పనికి పోయేది. ఇసుక, ఇటుకలు మోసేది. రెండు నెలలకొకసారి వచ్చేది. చదువు తప్ప నా చేతికివ్వడానికి ఆమె దగ్గర ఇంకేమీ లేదు.

డిగ్రీ అయింది, బీఈడీ అయింది, డీఎస్సీ రాసి టీచరునయ్యాను. 2017 జులైలో పేపర్లో చూశాను. ఆసియా మహిళల బాస్కెట్ బాల్ పోటీలు బెంగుళూరులో జరుగుతున్నాయని. మాకు వంద కిలోమీటర్ల దూరం. ఈ పోటీలు 1965లో సియోల్ లో మొదలైనాయి. దశాబ్దాల పాటు కప్పు దక్షిణ కొరియాకు పోవాలి, లేకపోతే చైనాకు పోవాలి. జపాను 1970లో ఒక్కసారి గెలిచి, మళ్లీ గెలవడానికి 2013 దాకా ఆగింది. 2017లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కూడా వచ్చి చేరాయి. అప్పటి నుంచి ఇది ఆసియా ఒక్కదాని పండగ కాదు, పసిఫిక్ దీవులది కూడా. ఆ ఏడు ఫిజీ పిల్లలు కూడా వచ్చి ఆడినారు.

దేశాలను రెండు డివిజన్లు చేశారు. ఏ డివిజన్లో ఎనిమిది పెద్ద టీములు. మన దేశం బి డివిజన్లో ఉంది. కజకిస్తాన్, లెబనాన్, ఉజ్బెకిస్తాన్, శ్రీలంక, సింగపూర్, ఫిజీలు మన తోటివాళ్లు. సెలవు దొరకక ఆ ఏడు నేను పోలేదు. బి డివిజన్ ఫైనల్లో మనవాళ్లు కజకిస్తాన్ ను 75-73తో గెలిచారు. రెండే పాయింట్లు, అంటే ఒక్క బుట్ట తేడా. ఏ డివిజన్ ఫైనల్లో జపాను ఆస్ట్రేలియాను 74-73తో ఓడించింది. అది ఒక్క పాయింటు. పొడుగాటి ఆస్ట్రేలియా వాళ్ల మధ్య పొట్టి జపాను పిల్లలు పరుగెత్తి పరుగెత్తి గెలిచినారు.

ఆ బి డివిజన్ గెలుపు నా మనసులో చాలా రోజులు తిరిగింది. బి లో గెలిచినోళ్లు పై పోటీకి ఏ డివిజన్ కు పోతారు. ఏ లో అడుగున ఉన్నోళ్లు బి లోకి దిగుతారు. నేను క్లాసులో కులవ్యవస్థ చెప్పేటప్పుడు నిచ్చెనమెట్లు అని చెప్తాను. కానీ నిచ్చెన అంటే ఎక్కడానికీ దిగడానికీ కదా. మన ఊళ్లలో ఉన్న నిచ్చెన అట్లాంటిది కాదు. ఎంత గెలిచినా పై మెట్టుకు పోలేం. ఎంత ఓడినా వాళ్లు కింది మెట్టుకు రారు. నేను టీచరునయ్యాను, నా జీతం ఊళ్లో చాలామంది రాబడి కంటే ఎక్కువ. అయినా ఊళ్లోకి పోతే కాఫీ ఇచ్చే గ్లాసు వేరే ఉంటుంది. ఆటకు ఉన్నపాటి న్యాయం కూడా మన ఊరికి లేదు.

అట్లని ఆటలో అన్యాయం లేదని నేననను. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఖతార్ ఆడపిల్లలు తలకు గుడ్డ కట్టుకుని ఆడతామంటే, బాస్కెట్ బాల్ రూలు ఒప్పుకోదన్నారు. వాళ్లు ఆడకుండానే వెళ్లిపోయినారు. అదే ఏడు ఇద్దరు మన సిక్కు ఆటగాళ్లను కూడా తలపాగా తీసి ఆడమన్నారు. దాని మీద చాలామంది నిలదీశారు, పోట్లాడారు. 2017లో ఆ రూలే మారింది. ఇది చదివినప్పుడు నాకు నా పసుపు బనీను గుర్తొచ్చింది. ఒకచోట తలమీద గుడ్డ అడ్డం. ఇంకొకచోట నా ఒంటి చెమట అడ్డం. వాళ్ల రూలు కాగితం మీద ఉంది కాబట్టి పోట్లాడి కొట్టేయించారు. నా రూలు ఏ కాగితం మీదా లేదు. దాన్ని ఎక్కడ కొట్టేయించాలి?

మా బడిలో కొట్టేయాలనుకున్నా. 2018లో నా జీతంలోంచి పన్నెండు బనీన్లు కుట్టించినా. వెల్డింగు షాపులో రెండు రింగులు చేయించి, నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తున బిగించినాం. ప్రపంచంలో ఎక్కడ ఆడినా రింగు అంతే ఎత్తు అని పిల్లలకు చెప్పినా. ఒకటే షరతు. బనీను ఎవరిదీ కాదు. ఆట అయినాక అందరివీ ఒక కుప్ప పోయాలి, వంతుల వారీగా ఉతకాలి, మర్నాడు చేతికి ఏది దొరికితే అది వేసుకోవాలి.

వారం తిరక్కుండానే ఒక తండ్రి వచ్చినాడు. చానా మర్యాదగా మాట్లాడినాడు. “మా పాపకు వేరే బనీను మేమే కుట్టిచ్చుకుంటాం మేడమ్, మీకెందుకు శ్రమ” అన్నాడు. పదహారేళ్ల తర్వాత అదే మాట, కొంచెం నున్నగా. నాకు చేతులు వణికినాయి. “అట్లయితే పాపకు ఆట ఉండదండీ” అన్నాను. ఆ మాట అన్నాక భయపడ్డాను కూడా, అబద్ధమెందుకు. నా మీద పై ఆఫీసుకు అర్జీ పోయింది. పిల్లల్ని చదువు మాన్పించి ఆడిస్తున్నానని రాసినారు. సంజాయిషీ రాసుకున్నాను. ఆ పిల్ల మాత్రం వారం రోజులు గ్రౌండు పక్కన నిలబడి చూసింది. ఎనిమిదో రోజు వచ్చి కుప్పలోంచి ఒక బనీను తీసుకుని తొడుక్కుంది. వాళ్ల నాయన నాతో ఇప్పటికీ మాట్లాడడు.

2019 సెప్టెంబరులో పోటీలు మళ్లీ బెంగుళూరుకే వచ్చినాయి, కంఠీరవ ఇండోర్ స్టేడియానికి. ఈసారి మనవాళ్లు ఏ డివిజన్. నలుగురు పిల్లల్ని తీసుకుపోదామనుకున్నా. ఇద్దరు గేరి పిల్లలు, ఒక బోయ పిల్ల, నాలుగోది ఆ వారం రోజులు నిలబడిన పిల్ల. ఆ పిల్లను వాళ్లమ్మ పంపింది, నాయనకు తెలియకుండా. పెద్దమనిషి ఎవరన్నా తోడుంటేనే పంపుతామన్నారు తక్కిన ఇళ్లవాళ్లు. మా అమ్మను రమ్మన్నా. మెజెస్టిక్ లో బస్సు దిగినాక నాకు దిక్కు తెలియలేదు. అమ్మ కన్నడంలో అడిగి సిటీ బస్సు ఎక్కించింది. “ఈ ఊరు నాకు తెల్సు పాపా. ఎన్ని మిద్దెలకు ఇసుక మోసినానో” అనింది. తాను మోసిన మిద్దెల్లో ఒక్కదాని లోపలికి కూడా ఆమె ఎప్పుడూ పోలేదు.

స్టేడియంలో ఆమె మెట్టు మీద కూర్చుంది. కుర్చీలో కూర్చోమ్మా అంటే, “ఎవురన్నా వస్తారేమోలే” అనింది. చెయ్యి పట్టుకుని లేపి కూర్చోబెట్టినా.

ఆట జపానుతో. మనవాళ్లు చిత్తుగా ఓడినారు. కొంతసేపయినాక స్కోరుబోర్డు వైపు చూడబుద్ధి కాలేదు. కానీ పిల్లలు చూసింది స్కోరు కాదు. ఎవరన్నా కింద పడితే తోటివాళ్లు పరిగెత్తుకొచ్చి చేతులు పట్టి లేపుతున్నారు. బుట్ట పడితే అరచేతులు చరుచుకుంటున్నారు. బయటికొచ్చే పిల్ల, లోపలికి పోయే పిల్ల చేతులు తగిలించుకుంటున్నారు. గేరి పిల్ల ఒకతె నా చెవి దగ్గరకొచ్చి అడిగింది.

“మేడమ్, వాళ్లంతా ఒకే కులమా?”

“ఏమో, నాకు తెలీదే.”

“తెలీకుండానే బాలు ఇచ్చుకుంటారా?”

పక్కన కూర్చున్న ఆ నాలుగో పిల్ల ఈ మాట వినింది. తల దించుకుంది. ఆ పిల్లను ఏమనాలో నాకు తోచలేదు. ఆ ఆటగత్తెల కులాలు నాకు నిజంగా తెలీదు. వాళ్ల ఊళ్లలో వాళ్లకు ఏ గ్లాసులో కాఫీ ఇస్తారో తెలీదు. బంతి చేతిలో ఉన్నంతసేపు 24 సెకన్లే టైము, అంతలోపల బుట్ట వైపు వెయ్యాలి. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అని కులం లెక్క వేసుకుంటూ కూర్చుంటే ఓడిపోతాం. ఆ సంగతి మాత్రం వాళ్లకు చెప్పినా.

ఓడిపోయే ఆటను కడదాకా చూసి అమ్మ అనింది: “అంత ఓడిపోతా ఉన్నా ఇడిసిపెట్టి పోలేదు సూడు. గంట కొట్టేదాకా ఆడినారు.” ఆమె కూలి పని గురించే అనిందో, ఆట గురించే అనిందో నేను అడగలేదు.

ఆ ఏడు మనవాళ్లు అన్ని ఆటలూ ఓడి ఎనిమిదో స్థానంలో నిలిచారు. 2021లో అమ్మాన్ లో జపాను చేతిలో 136-46తో ఓడినారు. కరోనా తర్వాత బళ్లు తెరిచిన రోజులవి. నా ఫోను చుట్టూ మూగి పిల్లలు చూసినారు. ఆ ఏడుతో మనం మళ్లీ బి డివిజన్ కు దిగిపోయాం. 2023లో సిడ్నీలో చైనా 73-71తో జపానును ఓడించి కప్పు తీసుకుంది. 2025లో షెన్ జెన్ లో ఆస్ట్రేలియా 88-79తో అదే జపానును గెలిచి మొదటిసారి కప్పు ఎత్తింది. ఏ డివిజన్లో మన దేశం లేదు.

ఓడిపోయారని మన ఆటగత్తెల్ని నేను తక్కువ చేయను. తమిళనాడు నుంచి వచ్చిన అనితా పాల్ దురై ఈ ఆసియా పోటీల్లో తొమ్మిదిసార్లు ఆడింది. బిడ్డ తల్లయినాక కూడా తిరిగొచ్చి 2017లో ఆడింది. రైల్వేలో ఉద్యోగం చేసుకుంటూ ఆడింది. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆటతో ఉద్యోగం వస్తుందని చెబితేనే మా గేరి తల్లులు పిల్లల్ని గ్రౌండుకు పంపుతారు. అది అత్యాశ కాదు, ఆకలి. కానీ నూట ముప్పై కోట్లు దాటిన దేశం ఎందుకు ఓడుతుందని పేపర్లలో అడిగేవాళ్లను నేనొకటి అడుగుతాను. ఎన్ని గేరుల్లో, ఎన్ని వాడల్లో, ఎంతమంది పిల్లల బనీన్లు కిటికీల మీద ఉండిపోయినాయో మీరెప్పుడన్నా లెక్క తీసినారా?

ఆ నలుగురిలో బోయ పిల్లకు పదో తరగతి అయినాక పెండ్లి చేసినారు. నేను పోయి మాట్లాడినా ఆపలేకపోయినా. ఆ నాలుగో పిల్ల బెంగుళూరులో చదువుతోంది. గేరి పిల్లల్లో ఒకతె ఆట మానేసింది. కులమా అని అడిగిన పిల్ల డిగ్రీ చదువుతూ కాలేజీ టీములో ఆడుతోంది. మొన్న దసరా సెలవులకు వచ్చినప్పుడు అడిగినా, బంతి ఇస్తున్నారా అని.

“ఇయ్యకపోతే అడుగుతా మేడమ్, గట్టిగా” అనింది.

నేను అడగలేదు. నా కాలంలో నేను మడత పెట్టి ఇచ్చేసినా. మా బడి కుప్పలో ఇప్పుడు ఏడో నంబరు బనీను రంగు వెలిసిపోయింది, చంక దగ్గర చిరిగింది. కొత్తది కుట్టించాలి. ఎవరి చెమట దాంట్లో ఎంత ఉందో ఇక ఎవరూ చెప్పలేరు.