గుర్రపువాతము

కాన్పు సమయమున వచ్చు మూర్ఛను మా పెద్దలు గుర్రపువాతమందురు. ఆ పేరు నేను చిన్ననాటినుండి వినుచునే యున్నాను. పేరు తెలిసినంత మాత్రమున వ్యాధియు తెలిసినదనుకొనుట మావంటి చదువరులకు గల దురభ్యాసము.

గడచిన వేసవిలో మా చెల్లెలు పురిటికై కురుపాములోని మా యింటికి వచ్చెను. ఎనిమిదవ నెల. పాదములు వాచియుండెను. కడుపుతో నున్నవారికి నీరుపట్టుట సహజమని మా యమ్మ యుప్పు తగ్గించెను. పిమ్మట వ్రేలి యుంగరము బిగిసిపోయెను. మూడు దినములు తలనొప్పి యని మూలుగుచుండగా, ఎండవేడిమి యని నేను మజ్జిగ త్రాగుమంటిని. "అన్నయ్యా, అక్షరాలు మసకగా కనపడుతున్నాయి" అనెను. రాత్రులు నవలలు చదువుట మానుమని హితోపదేశము చేసితిని! సంస్కృతము, ఆంగ్లము రెండును చదివిన వాడను. ఆ పూట రెండును నాకు తోడు రాలేదు.

నాలుగవనాడు ఉపకేంద్రపు నర్సమ్మ పొరుగింటి పసిబిడ్డకు టీకా వేయవచ్చెను. ఆమె సవర పిల్ల. ఒకప్పుడు నాయొద్ద చదివినది. గడపలో నిలిచి మా చెల్లెలిని చూచి, "మేష్టారూ, కాళ్ళ సంగతి సరేనండి, ముఖం చూడండి" అని, సంచిలోని పట్టీ తీసి చేతికి కట్టెను. రక్తపుపోటు పైది 170, క్రిందిది 112. మూత్రములో ముంచిన కాగితపు రంగు మారెను. గంటలోపల మేము పార్వతీపురము త్రోవలో నుంటిమి.

గర్భమునకు 20 వారములు నిండిన తరువాత పోటు 140/90కి చేరిన దానిని ఉపేక్షింపరాదు. 160/110 దాటిన ఆలస్యమునకు తావే లేదు. లోపము మాయలో మొదలగునట. మాయకు రక్తము చేర్చు నాళములు చాలినంత విప్పారవు. దానినుండి వెలువడు పదార్థములు తల్లి మూత్రపిండములను, కాలేయమును, మెదడును గాయపఱచును. కావుననే మాయ వెలువడిన గాని వ్యాధి మూలము తొలగదు. ఉప్పు మానినంతమాత్రమున ఇది ఆగదు. సుశ్రుతుడు నిదానస్థానమున గర్భపాతముచే గలిగిన అపతానకము అసాధ్యమని చెప్పినాడు. అది ఈ మూర్ఛయే యని నేను వాదింపను. కాని అతని చేతిలో పోటు కొలుచు సాధనము లేదు. 1896లో రీవా రోచ్చి యను ఇటలీ వైద్యుడు చేతిపట్టీని కల్పించువఱకు ఆ సాధనము సులభముగా ఎవరి చేతను లేదు. మనకున్నది. ఉండియు నేను మజ్జిగ త్రాగించితిని.

ఆసుపత్రిలో ఇచ్చినది మెగ్నీషియము సల్ఫేటు. భేదిమందుగా మన మెఱిగిన యుప్పే. 33 దేశములలో పదివేలమంది గర్భిణులపై పరీక్షించి, అది మూర్ఛల ప్రమాదమును సగమునకు పైగా తగ్గించునని 2002లో నిర్ధారించిరి. అయితే మోతాదు మించిన అదియే ఊపిరి తీయును. ఆ రాత్రి నర్సు చిన్న సుత్తితో మోకాలిక్రింద తట్టుట చూచి, ఇదేమి ఆట యని లోలోన విసుగుకొంటిని. కాలు ఎగిరినచో మందు మించలేదని గుర్తట! నిమిషమునకు ఊపిరులు 16కు తగ్గరాదు. మూత్రము గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గరాదు. విరుగుడుగా కాల్షియము గ్లూకోనేటు ప్రక్కనే పెట్టుకొని, తెల్లవాఱువఱకు ఆమె లెక్కించుచు వ్రాయుచునే యుండెను. అంత శ్రద్ధగా నేనెన్నడును పరీక్షాపత్రములు దిద్దలేదు.

ప్రక్క మంచముపై కొండమీది గ్రామమునుండి డోలీలో మోసి తెచ్చిన యొక జాతాపు స్త్రీ యుండెను. త్రోవలోనే రెండుమారులు మూర్ఛ వచ్చినదట. తాను ప్రసవించిన సంగతి యామెకు మఱునాటివఱకు తెలియలేదు, బిడ్డ దక్కలేదు. "తలనొప్పని మూడు దినాలు ఏడిసినాది బాబూ" అని ఆమె భర్త నాతో ననెను.

మా యింటను మూడు దినములే. మా యిల్లు రోడ్డు ప్రక్క నున్నది, అంతే భేదము.

కొండయూళ్ళ గర్భిణులు నెలలు నిండకముందే దిగివచ్చి యుండుటకు సాలూరునందును గుమ్మలక్ష్మీపురమునందును వసతిగృహములు ఏర్పడినవి. అది మంచిపనియే. మూర్ఛ వచ్చినచోటనే మొదటి మోతాదుగా పిఱుదుల కొకటొకటి చొప్పున రెండు సూదులిచ్చి, పిమ్మట ప్రయాణము చేయింపవచ్చును. కాని ఇల్లు విడిచి రాలేని దానికి, మూర్ఛకు ముందే, తలనొప్పి యన్నపూటనే పట్టీ కట్టువారెవరు?

మా మేనకోడలు నెలతక్కువ పిల్లయై పుట్టి పందొమ్మిది దినములు ఆసుపత్రిలో నుండి యింటికి వచ్చినది. మఱునాడే నర్సమ్మ మరల వచ్చి చెల్లెలి చేయి చాపుమనెను. "కాన్పయిపోయిందిగా, ఇంకా ఎందుకే?" అని మా యమ్మ యడిగెను. "కాన్పయ్యాక కూడా వస్తుందమ్మా, ఆరు వారాలు చూడాలి" అని పట్టీకి గాలి కొట్టెను. 130, 84. వ్రాసికొని సంచి సర్దుకొనెను. ఆనాడామె ఎక్కవలసిన యూరు వాగు కావల నుండెను. వాగువఱకు సంచి నేను మోసితిని.