శూన్యఫలితం – అనుపలబ్ధి



ముప్పది సంవత్సరాలుగా ప్రతి శుక్రవారం శ్రీసూక్తపారాయణ చేస్తున్న ఒక గృహిణి, ఆ సూక్తం ఋగ్వేదంలో ఏ మండలానికి చెందినదో తెలుసుకొనగోరి, ఫోనులోని కృత్రిమ మేధను ప్రశ్నించింది. ఆ మేధ వేదపాఠాన్ని వెదకే ఒక పరికరాన్ని ఆశ్రయించింది. పరికరం ఏమీ దొరకలేదన్నది. "ఈ సూక్తం ఋగ్వేదంలో లేదు, ఇది తరువాతి కాలపు రచన" అని మేధ తీర్పు చెప్పింది. ఆ శుక్రవారం ఆమె పారాయణ చేయలేదు.

ఆ పరికరాన్ని నిర్మించినవాడు ఎనిమిదేండ్లు వేదాధ్యయనం చేసి, అనంతరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ప్రవేశించిన యువకుడు. సెలవులకు వచ్చినప్పుడు ఈ వృత్తాంతాన్ని తన గురువైన ఘనపాఠిగారికి విన్నవించాడు. "ఆ పరికరాన్ని గురించి మేధకు నీవేమి ఉపదేశించావో చదువు" అన్నారాయన.

ఇక్కడ కొంత వివరణ అవసరం. ఏజెంటు అనబడే మేధ పరికరపు అంతర్భాగాన్ని చూడదు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ వెలువరించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే పద్ధతిలో దానికి ప్రధానంగా అందేవి పరికరం పేరు, దాని వర్ణన, ఏ రూపంలో ప్రశ్నించాలో తెలిపే నియమం. ఎప్పుడు పిలవాలి, వచ్చిన ఫలితాన్ని ఎట్లా గ్రహించాలి అన్నది ఆ వర్ణనను బట్టే నిశ్చయించుకుంటుంది. సందేహం కలిగితే అడగడానికి దానికి ఆచార్యుడు లేడు.

శిష్యుడు వ్రాసిన వర్ణన ఒక్క వాక్యమే: "ఋగ్వేద మంత్రాలను వెదకి ఇస్తుంది."

"ఏ ఋగ్వేదం నాయనా?"

"శాకలసంహిత, గురువుగారూ."

"ఆ మాట ఇందులో ఏదీ?"

శ్రీసూక్తం ఖిలసూక్తం. సంప్రదాయం దానిని ఐదవ మండలాంతంలో పరిశిష్టంగా నిలిపింది. శిష్యుని డేటాబేసులో ఖిలాలు లేవు. "తరువాతి కాలపు రచన" అనడం మేధ స్వయంగా కల్పించుకున్న దోషమే, అందులో సందేహం లేదు. కాని ఆ కల్పనకు అవకాశమిచ్చినది వర్ణనలోని మౌనం.

భాట్టమీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని ఆరవ ప్రమాణంగా అంగీకరించారు. అయితే కనబడకపోవడమంతా ప్రమాణం కాదు. దీపం వెలుగుతున్న గదిలో ఘటం కనబడకపోతే ఘటాభావం సిద్ధిస్తుంది. చీకటిగదిలో కనబడకపోతే ఏదీ సిద్ధించదు. వస్తువు ఉండి ఉంటే తప్పక కనబడేదే అన్న యోగ్యత ఉన్నచోటనే అనుపలబ్ధికి ప్రామాణ్యం. శాకలసంహిత ఒక్కటే ఉన్న పరికరంలో ఖిలసూక్తాన్ని వెదకడం చీకటిగదిలో ఘటాన్ని వెదకడమే. ఏ గదిలో దీపమున్నదో చెప్పవలసినది వర్ణన.

మన పూర్వులకిది కొత్త కాదు. కాత్యాయనుని సర్వానుక్రమణి ప్రతి సూక్తానికీ ప్రతీకం, ఋక్సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు చెబుతుంది. సంఖ్య చెప్పడమంటే హద్దు గీయడమే కదా!

ఆ సాయంకాలం గురువుగారు చెబుతుండగా శిష్యుడు తిరిగి వ్రాశాడు: "ఇందులో శాకలసంహిత మాత్రమే కలదు. 10 మండలాలు, వాలఖిల్యసహితంగా 1028 సూక్తాలు, 10,552 ఋక్కులు. ఖిలసూక్తాలు, ఇతర శాఖలు లేవు. శ్రీసూక్తాదులకై దీనిని పిలువరాదు. ఫలితం శూన్యమైతే 'ఈ పాఠంలో లభించలేదు' అని మాత్రమే చెప్పవలెను, 'వేదంలో లేదు' అనరాదు."

మరొక చిక్కు ఉన్నది. రెండు అచ్చుల నడుమ ఉన్న డకారం శాకలపాఠంలో ళకారమవుతుంది. ఆంధ్రదేశంలో అధికసంఖ్యాకులు తైత్తిరీయులు. వారి నోట "ఇడా" అనేది ఋగ్వేదంలో "ఇళా". డకారంతో వెదకినవానికి పరికరం ఇంతకాలం శూన్యాన్నే ఇస్తూ వచ్చింది! "రెండు రూపాలతోనూ వెదకవలెను" అన్న వాక్యం చేరింది. అన్వేషణే జరగక విఫలమైతే దానిని శూన్యఫలితంగా గాక దోషంగా తెలిపే ప్రత్యేక సంకేతం ఆ ప్రోటోకాల్‌లోనే ఉన్నది. శిష్యుడు దానిని ఉపయోగించలేదు. అదీ సరిదిద్దాడు.

అదే ప్రశ్న మళ్లీ వేయగా, తన వద్దనున్న శాకలపాఠంలో శ్రీసూక్తం లభించదనీ, ఖిలపాఠాన్ని చూడవలసి ఉంటుందనీ మేధ బదులిచ్చింది. శిష్యుడు ఆ గృహిణికి ఫోను చేసి, ఆమెవల్ల గాక తనవల్ల జరిగిన లోపమిదని చెప్పి క్షమాపణ కోరాడు.

ఘనపాఠిగారు మాత్రం "ఇతర శాఖలు లేవు" అన్న వాక్యం వద్దనే ఆగిపోయారు. ఋగ్వేదానికి 21 శాఖలని పతంజలి మహాభాష్యంలో చెప్పాడు. "ఆ మాట రెండుసార్లు చదువు నాయనా" అన్నారు.