ప్రశ్న చివరి మాట

పదో తరగతి తెలుగు జవాబు పత్రాలు దిద్దడం ఏటేటా వేసవిలో నాకు వచ్చే పని. తెలియక తప్పు వ్రాసినవారికి మార్కు తగ్గించడానికి నా కలం వెనుకాడదు. తెలిసినవారు తప్పు వ్రాస్తేనే మనసు చివుక్కుమంటుంది. ఒక పుటలో చక్కగా వివరించిన విషయంలోనే మరో పుటలో పొరబడి ఉంటారు. దీన్ని మనం అజాగ్రత్త అని ఒక్క మాటలో తేల్చేస్తాం. అది పేరే గాని కారణం కాదు.

ఈ ప్రశ్న చూడండి: 'కింది పదాలలో గుణసంధికి ఉదాహరణ కానిది ఏది?' ఇచ్చిన పదాలు దేవేంద్రుడు, ఏకైక, రాజర్షి, మహోన్నతి. చాలామంది దేవేంద్రుణ్ణి ఎన్నుకుంటారు. అది గుణసంధి అని వారికి తెలుసు. ఏకైక వృద్ధిసంధి అనీ తెలుసు. మరి ఎక్కడ జారారు? 'గుణసంధికి ఉదాహరణ' అన్నంతవరకు చదివేసరికే మనసు జవాబు కోసం పరుగు తీసింది. మన వాక్యంలో అవుననీ కాదనీ తేల్చే మాట చివరికి గాని రాదు. సగంలో ఆగినవారు అడిగినదానికి సరిగ్గా వ్యతిరేకమైన ప్రశ్నకు జవాబు చెబుతారు. ఆ 'కానిది'ని లావు అక్షరాలలో అచ్చువేయించండని నేను అడుగుతూనే ఉంటాను!

లెక్కల్లోనూ ఇంతే. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల దొడ్డి చుట్టూ ఒక వరుస కంచెకు ఎంత తీగ కావాలి అంటే, రెండు అంకెలు కనబడగానే గుణించి 96 అని వేస్తారు. కావలసింది 40 మీటర్లు. వారమంతా వైశాల్యాలు కట్టిన చేయి ఆ దారినే పోయింది.

మన బడులకు మరో చిక్కు ఉంది. 'అవసరం' అంటే తెలుగులో కావలసి ఉండడం. హోసూరు పిల్లలు వినే తమిళంలోనూ, బళ్ళారి పిల్లలు వినే కన్నడంలోనూ తొందర. బరంపురంలో, ఒడియాలో, తీరిక. సొంతవాక్యం వ్రాయమంటే 'అన్న అవసరంగా పరుగెత్తాడు' అని వ్రాసిన పిల్లకు తెలివి తక్కువేమీ కాదు. అలవాటైన అర్థం ముందుగా తోసుకువచ్చింది, అంతే. మార్కు మాత్రం పోతుంది.

ఇక గడులు నింపే పరీక్షలు. 2025 నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. తప్పు జవాబుకు ఒక మార్కు కోత. ఒక ప్రశ్న వదలి, దాని గడి వదలడం మరచిపోతే తరువాతి జవాబులన్నీ ఒక్కో వరుస పైకి జరుగుతాయి. పదేసి ప్రశ్నలకొకసారి రెండు సంఖ్యలూ సరిచూసుకోవడానికి అరనిమిషం పట్టదు.

నా తరగతిలో ప్రశ్న చదివించి, పుస్తకం మూయించి, ఏమడిగారో సొంత మాటల్లో చెప్పమంటాను. జవాబు చెప్పకూడదు. పిల్లలకు ఇది మొదట అసలు నచ్చదు. "జవాబు వచ్చేస్తే ప్రశ్న వినబడదండీ" అంది ఒకమ్మాయి. కొన్నాళ్ళు సగంమంది జవాబే చెప్పేస్తారు. తరువాత ఎవరూ చెప్పకుండానే 'కానిది' కింద గీతలు గీయడం మొదలుపెడతారు.